బండి ముచ్చట: అంబాసిడర్ టాపు మార్చాలా, ఉంచాలా?

ప్రశ్న: అన్నా, మా నాయినది 1973 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. ఇంజన్ ఇప్పటికీ మంచిగనే ఉంది. కానీ చాలా ఏండ్ల నుంచి ఇంటి ముందర చింతచెట్టు కిందనే నిలబెడుతున్నం. ఇప్పుడు ముందద్దం పైన, కుడి పక్క డోర్ల పైన టాపు అంచు పొడుగునా రంగు పొక్కులు లేచింది. ఒక పొక్కును వేలితో నొక్కితే వేలు లోపలికే పోయింది. ఒక షెడ్డులో అడిగితే పాత టాపు మీదనే కొత్త రేకు పరిచి, రివిట్లు కొట్టి, పుట్టీ పెట్టి రంగేస్తమన్నరు. ఇంకో షెడ్డులో టాపు మొత్తం కోసి కొత్త రేకును కొట్టి పెడతమన్నరు. మా నాయినేమో ఎవ్వరినీ ముట్టనియ్యకు అంటున్నడు. వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించాలని ఉంది, టాపు మారిస్తే దానికి ఇబ్బందా? ఏం చేయమంటవు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మొదటి షెడ్డుకు మాత్రం బండి ఇవ్వకండి. తుప్పు మీద కొత్త రేకు పరిస్తే రెండు రేకుల మధ్య సన్నటి సందు మిగులుతుంది. ఆ సందులోకి నీళ్లు పోవడమే తప్ప ఆరడం ఉండదు. పుట్టీ నీళ్లను ఆపుతుందని చాలామంది నమ్ముతారు గానీ పుట్టీ కూడా తేమ పీలుస్తుంది, పైగా రివిట్ కోసం కొట్టిన ప్రతి రంధ్రం దగ్గరా తుప్పు కొత్తగా మొదలవుతుంది. రంగు వేసిన రోజు బండి మెరిసిపోతుంది, మీ నాయిన కూడా సంతోషపడతారు, కానీ కింద పాత తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఇట్లా చేసిన బండిని తర్వాత బాగుచేయాలంటే ఇప్పటికన్నా రెట్టింపు పని.

రెండో షెడ్డు వాళ్ల ఉద్దేశం మంచిదే గానీ పద్ధతితోనే ఇబ్బంది. అంబాసిడర్ టాపు చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ ముందు నుంచి వెనక్కి ఒక వంపు, ఎడమ నుంచి కుడికి ఇంకో వంపు, రెండూ ఒకే రేకులో కలిసి ఉంటాయి. ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్సులో అచ్చు మీద నొక్కితే వచ్చిన ఆకారం అది. అంత వెడల్పు రేకును సుత్తితో, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మె) కొట్టి అదే వంపు తేవడం చాలా గొప్ప చేయి ఉన్న టింకరింగ్ మేస్త్రికి కూడా కష్టం. ఎక్కడ వంపు సరిగ్గా రాదో అక్కడ పుట్టీ మందంగా పడుతుంది, ఆ మందం పుట్టీ మన ఓరుగల్లు ఎండలకు, రాత్రి చల్లదనానికి సాగుతూ ముడుచుకుంటూ చివరికి పగులుతుంది.

కాబట్టి ఏ రేకు వేయాలన్న మాట తర్వాత. ముందు లోపలి లైనింగ్ విప్పించండి. ఎంత కోయాలో, అసలు కోయాలో వద్దో అదే చెబుతుంది. ఈ బండ్లలో టాప్ లైనింగ్ బట్ట అడ్డంగా ఉండే ఇనుప తీగల మీద సాగదీసి ఉంటుంది. తీగలన్నీ ఒకే పొడవు కావు, ఒక్కోటి దాని చోటుకే సరిపోతుంది, అందుకని తీసేటప్పుడే ముందు నుంచి వెనక్కి వరుసగా నంబర్లు రాసి టేపు అంటించండి, లేకపోతే మళ్లీ ఎక్కించేటప్పుడు బట్ట ముడతలు పడి ఎంత లాగినా సరిగ్గా కూర్చోదు. బట్ట దిగాక టార్చి లైటు వేసి చూడండి. చప్పుడు తగ్గడానికి రేకుకు అంటించిన పాత ప్యాడ్లు ఎక్కడైనా ఊడి వేలాడుతుంటే, వాటి వెనక రేకు దాదాపు తప్పకుండా తుప్పు పట్టి ఉంటుంది, ఎందుకంటే ఆ ప్యాడ్లు తేమను పట్టుకుని వదలవు. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో అంగుళం అంగుళం మెల్లగా పొడుస్తూ వెళ్లండి. గట్టి రేకు టంగుమంటుంది, చెడిన రేకు పొట్టులా రాలుతుంది. గుచ్చుకున్న ప్రతిచోటా చాక్‌పీసుతో గీయండి. బయటి నుంచి అయితే ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచటి గుడ్డలో చుట్టి టాపు మీద జరపండి, పట్టు వదిలిన చోట ఎవరో ఇదివరకే పుట్టీ పెట్టారన్నమాట.

మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే తుప్పు టాపు నడిమిట్లో కాదు, చుట్టూ ఉండే నీటి గాడిలో మొదలైనట్టుంది. చింతాకు చిన్నది, గాడిలో పడి కుళ్లి మెత్తటి మట్టిలా తయారై వాన వెలిసినా రోజుల తరబడి తడిగానే ఉంటుంది. గాడి అంటే రెండు మూడు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ (చుక్కలు చుక్కలుగా అతకడం) చేసిన చోటు, ఆ రేకుల మధ్యకు రంగు ఎప్పుడూ చేరదు. పైగా మన దగ్గర అంబాసిడర్ అంటే పైన క్యారియర్ ఉండాల్సిందే కదా, పెండ్లి సామాను అయినా, మేడారం జాతరకు పోతే బియ్యం సంచులు, బిందెలు, చెద్దర్లయినా దాని మీదే. ఆ క్యారియర్ కాళ్లు కొరికి పట్టుకునేది ఈ గాడినే. బరువు పడి బండి ఊగినప్పుడల్లా ఆ కొక్కేల కింద రంగు గీసుకుపోతుంది. మీ బండికి ఎప్పుడైనా క్యారియర్ ఉండి ఉంటే దాని కాళ్లు ఆనిన చోట్లు తప్పకుండా చూడండి.

పొక్కు విషయం కూడా ఒక మాట. తుప్పు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగు పైకి లేస్తుంది. బయట శనగగింజంత పొక్కు కనిపిస్తే లోపల చెడిన భాగం అంతకు చాలా రెట్లు ఉంటుందనుకోవాలి.

లైనింగ్ విప్పాక నడిమి రేకు గట్టిగా ఉండి, తుప్పు గాడికి, ముందద్దం పై పట్టీకి మాత్రమే పరిమితమైతే టాపు మొత్తం కోయొద్దు. ఆ భాగాలు మాత్రమే తీసి కొత్తవి అతికించడం చాలు. నా అభిప్రాయంలో ఫ్యాక్టరీ టాపు ఎంత మిగిలితే అంత లాభం. కానీ గాడి పొడుగునా, అద్దం పైనా, వెనకద్దం దగ్గరా అన్నిచోట్లా రేకు పోయి ఉంటే మాత్రం టాపు మార్చడమే నయం.

మార్చాల్సి వస్తే మొట్టమొదట మేస్త్రికి ఒకటి గుర్తుచేయండి. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు, నేల రేకు, పిల్లర్లు (టాపును మోసే నిలువు పట్టీలు), టాపు అన్నీ కలిసే బండి బరువు మోస్తాయి. టాపు తీసిన క్షణం నుంచి ఆ డబ్బాకు మూత పోయినట్టే, పిల్లర్లు లోపలికో బయటికో కొద్దిగా జరుగుతాయి, కంటికి కనిపించదు, కొత్త టాపు అతికించాక డోర్లు పడవు. అందుకే కోయకముందే డోర్లు మూసి సందులు కొలిచి రాసుకోవాలి. ముందద్దం చట్రం, వెనకద్దం చట్రం, నాలుగు డోర్ల చట్రాలు, వీటన్నిటికీ మూల నుంచి మూలకు అడ్డంగా టేపు పెట్టి కొలిచి ఆ కొలతలు షెడ్డు గోడ మీదే రాయించండి. తర్వాత నడిమి పిల్లర్ల మధ్య ఒక యాంగిలర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ), ముందు పిల్లర్ల మధ్య ఒకటి, డోర్ చట్రాల్లో ఏటవాలుగా ఒక్కొక్కటి తాత్కాలికంగా వెల్డింగ్ చేయించాలి. ఇది అనవసరపు ఖర్చని మేస్త్రి అంటే ఆ మేస్త్రికి టాపు పని అప్పగించకండి.

కొత్త టాపు కంపెనీ నుంచి రాదు, ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. స్క్రాపుకు పోతున్న బండి నుంచి తీసుకోవాల్సిందే. ముందు మన వైపే వెతకండి, వరంగల్, కరీంనగర్ పాత సామాన్ల కొట్లలో పూర్తి బాడీలు అప్పుడప్పుడు దొరుకుతాయి. దొరక్కపోతే కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి ఉన్నాయి. ట్యాక్సీలుగా తిరిగిన అంబాసిడర్లు కోల్‌కతాలో ఎక్కువ కాబట్టి అక్కడ దొరికే అవకాశమూ ఎక్కువే, కాకపోతే అక్కడి తేమ గాలి తిన్న బండ్ల గాడి మీ బండి కన్నా అధ్వానంగా ఉండొచ్చు, ఫొటో చూసి డబ్బు పంపకండి. ఎవరైనా తెలిసినవాళ్లు వెళ్లి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. కోయించేటప్పుడు పిల్లర్లను సగానికి కోయమనండి, గాడి, అద్దం పట్టీలు దానికే ఉండాలి, ఎక్కువగా వచ్చింది మన దగ్గర కత్తిరించుకోవచ్చు, తక్కువైతే ఏం చేయలేం.

మీ బండి పాత టాపును గ్రైండర్‌తో బరబరా కోసెయ్యడం తొందరపాటు. అద్దాలు రెండూ, సీట్లు, టాపు లైటు వైరు, బ్యాటరీ తీసెయ్యాలి. గాడిలోని రంగు గీకితే స్పాట్ వెల్డింగ్ చుక్కలు చిన్న గుంటల్లా వరుసగా కనిపిస్తాయి. స్పాట్ వెల్డ్ కట్టర్ అని డ్రిల్లుకు బిగించేది దొరుకుతుంది, 8 మి.మీ.ది చాలు. ఒక్కో చుక్క మీద పెట్టి పై రేకు మాత్రమే తెగేలా ఆపాలి, కింది రేకు ఉండాలి, ఎందుకంటే కొత్త టాపు కూర్చోవాల్సింది దాని మీదే. ఓపిక కావాల్సిన పని, పూట పడుతుంది, పడనివ్వండి. పిల్లర్ల దగ్గర అతుకుల్లో పాతకాలం సీసం నింపి ఉంటే గ్రైండర్ పెట్టొద్దు, ఆ ధూళి పీలిస్తే ఒంట్లోకి సీసం పోతుంది, వేడిచేసి కరిగించి తుడిచెయ్యాలి, అప్పుడు కూడా తలుపులు తెరిచి మాస్కు పెట్టుకునే చేయాలి. పెట్రోలు ట్యాంకు బండి నుంచి పూర్తిగా దించేయండి. ఖాళీ చేశాం కదా అనుకోవద్దు, నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

ఇక అతికించడం. వెల్డింగ్‌కు ముందు టాపును క్లాంపులతో, స్క్రూలతో బిగించి, రబ్బరుతో సహా ముందద్దం ఒకసారి కూర్చోబెట్టి చూడాలి, డోర్లు నాలుగూ తెరిచి మూయాలి, గోడ మీద రాసిన కొలతలతో సరిచూడాలి. అన్నీ సరిపోయాకే విప్పి, రెండు రేకులు కలిసే చోట జింక్ ఉన్న వెల్డింగ్ ప్రైమర్ పూసి మళ్లీ బిగించాలి. గ్యాస్ వెల్డింగ్ వద్దు, అంత వేడికి పల్చటి రేకు అలలు అలలుగా వంకరపోతుంది. సీఓటూ వెల్డింగే (మిగ్ వెల్డింగ్ అని కూడా అంటారు) చేయించండి, అది కూడా గీతలా లాగకుండా ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అవతలి చివర, అట్లా తిరుగుతూ పోవాలి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారాకే పక్క చుక్క. టాపు పాడయ్యేది ఎక్కువగా ఈ తొందరలోనే.

వెల్డింగ్ అయ్యాక లోపలి వైపును మరచిపోతారు చాలామంది, నాకు బాగా బాధ కలిగించేది అదే, ఎందుకంటే టాపు సగం తుప్పు లోపలి నుంచే వస్తుంది. రెడ్ ఆక్సైడ్ ఒక్కటి కొట్టి వదిలేస్తే లాభం లేదు, దాంట్లోంచి తేమ దిగుతుంది. లోపలా బయటా ఎపాక్సీ ప్రైమర్ వేయించండి, పిల్లర్ల లోపలికి సన్న గొట్టంతో మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. గాడి అతుకులో పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ నింపాలి. మామూలు సిలికాన్ వద్దు, ట్యూబు విప్పగానే సిర్కా వాసన వస్తుందే, ఆ ఆమ్లమే రేకును తింటుంది, పైగా దాని మీద రంగు నిలవదు. లైనింగ్ కింద వేడి ఆపడానికి ఏదైనా వేయాలంటే నీళ్లు పీల్చని రకం షీటు వేయండి, స్పాంజి వద్దు. వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకండి, గీకి తెరిచిన రేకు మన తేమకు పూటలోనే ఎర్రబారుతుంది. దసరా పూజ అయ్యాక షెడ్డుకు పంపితే ఎండాకాలం రాకముందే రంగు పూర్తవుతుంది.

వింటేజ్ సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండి, అసలు రూపంలోనే ఉండి, బాడీలో, చాసిస్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరగకుండా ఉంటే వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. నంబర్లో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అదే మోడల్ టాపును అదే ఆకారంలో పెట్టడం బండి రూపం మార్చడం కాదనే నేను అనుకుంటాను, కానీ తేల్చాల్సింది అధికారులు కాబట్టి కోయకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, పని ముందు, మధ్య, తర్వాత ఫొటోలు తీసి, బిల్లులన్నీ దాచిపెట్టండి. సన్‌రూఫ్ లాంటి కోరికలు మాత్రం పెట్టుకోవద్దు. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి, వింటేజ్ నంబర్ తీసుకున్నాక బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే. మీ నాయిన ఇప్పటికీ ఆ బండిలో ఊరికి పోయి వస్తుంటే, మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం మంచిది.

మీ నాయిన మాటను కొట్టిపారేయకండి. పనితనం లేని చేతుల్లో పడి పాడైన బండ్లు ఆయన చూసే ఉంటారు. లైనింగ్ విప్పే రోజు ఆయన్ని షెడ్డుకు తీసుకెళ్లండి, స్క్రూడ్రైవర్ ఆయన చేతికే ఇవ్వండి.

ప్రశ్న: సార్, నాది ప్రీమియర్ పద్మిని. టాపు మీద క్యారియర్ ఆనిన దగ్గర మూడు చిన్న రంధ్రాలు పడ్డాయి. ఫైబర్ మ్యాట్, రెసిన్ పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సరిపోదమ్మా. ఫైబర్ రంధ్రాన్ని కప్పుతుంది గానీ అంచున మిగిలిన తుప్పును ఆపలేదు, కొన్నాళ్లకు ఆ అతుకు చుట్టూ కొత్త పొక్కుల వరుస లేస్తుంది. మూడే రంధ్రాలంటే మీ టాపుకు ఏం కాలేదనే అర్థం. చెడిన భాగాన్ని గట్టి రేకు వచ్చేదాకా కోసి, మూలలు గుండ్రంగా ఉన్న అతుకు ముక్క పెట్టించండి, చదరపు మూలల దగ్గర వేడి పేరుకుని రేకు లాగుతుంది. అతుకు పాత రేకు మీద ఎక్కకుండా అంచుకు అంచు ఆనాలి. రేకు మందం పాతదానికి సమానంగా ఉండాలి, 20 గేజ్ సీఆర్ రేకు (కోల్డ్ రోల్డ్, పూత లేని మామూలు ఉక్కు రేకు), అంటే సుమారు 0.9 మి.మీ., చాలావరకు సరిపోతుంది, అయినా కోసిన ముక్కను ఒకసారి కొలిపించండి. ఇకపై క్యారియర్ తప్పనిసరైతే కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి, పని అయిపోగానే దించేయండి.

ప్రశ్న: మా అంబాసిడర్ టాపుకు తుప్పు లేదు, అయినా వాన వస్తే డ్రైవర్ కాళ్ల మీద నీళ్లు కారుతున్నయి. టాపు నుంచే అంటరా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: కాళ్ల దగ్గర కారుతున్న నీళ్లు పై నుంచే వచ్చాయని చెప్పలేం. ఒకరు లోపల టార్చితో కూర్చోండి, ఇంకొకరు పైపుతో మెల్లగా నీళ్లు పోయాలి, అది కూడా కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందే టాపు మీద పోస్తే నీళ్లు అన్నిచోట్లా పారి ఏ సందులోంచి దిగాయో తెలియదు. మొదట అద్దం కింది రబ్బరు, తర్వాత పక్కలు, తర్వాత పై రబ్బరు, చివరికి గాడి. రబ్బరు గట్టిపడి గోరుతో నొక్కితే పగుళ్లు కనిపిస్తే కొత్తది వేయించడమే మార్గం, పై నుంచి సీలెంట్ పూస్తే నీళ్లు రబ్బరు కింద నిలిచి అద్దం పట్టీ తుప్పు పడుతుంది. నేల మీది కార్పెట్ కూడా ఎత్తి ఆరబెట్టండి.

ప్రశ్న: అన్నా, నేను వెల్డింగ్ పని చేస్త. ఒక పాత కారుకు టాపు అతుకులు జీఐ రేకుతో (జింకు పూత ఉన్నది) వేద్దామనుకుంటున్న, తుప్పు పట్టదు కదా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: వెల్డింగ్ చేసిన చోటే జింకు పూత కాలిపోతుంది తమ్మీ, అంటే తుప్పు మొదలయ్యే చోటే రక్షణ పోతుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి, పాలు తాగితే పోతుందనే మాట నమ్మకండి. జీఐ మీద రంగు పట్టడానికి కూడా వేరే ప్రైమర్ కావాలి. సీఆర్ రేకు వాడి, ఎపాక్సీ ప్రైమర్ రెండు వైపులా వేయండి. ఇప్పటికే జీఐ కొనేసి ఉంటే అతుకు అంచుల్లో ఒక అంగుళం మేర జింకు పూర్తిగా గీకేసి, షెడ్డు బయట గాలి తగిలే చోట, మంచి మాస్కుతో చేయండి.